ఉక్క అనే మాట

వదిన కింద పడగానే మేనేజరు ముందు గోడ వైపు చూశాడు, ఆ తరువాతే వదిన వైపు చూశాడు. గోడకు థర్మామీటరు వేలాడుతోంది. అది ముప్పై ఏడు చూపిస్తోంది.

"నలభై కాలేదుగా," అన్నాడు.

ఈ మాట నేను చెవులారా విన్నాను. హాలులో ఉన్న అందరూ విన్నారు. రోలరు మాత్రం ఆగలేదు. అవతలి వైపు ఇస్త్రీ అయిన దుప్పట్లు వస్తూనే ఉన్నాయి. పట్టుకుని మడిచే మనిషి లేక నేల మీద కుప్ప పడుతున్నాయి. స్విచ్ ఆపమని ఎవరూ చెప్పలేదు. చివరికి నేనే వెళ్ళి ఆపాను.

మాది పెద్ద లాండ్రీ. ఊళ్ళోని ఆసుపత్రుల గుడ్డలూ హోటళ్ళ గుడ్డలూ ఇక్కడికే వస్తాయి. ఒక చివర ఉతుకు, నడుమ రోలరు, ఇంకో చివర మడత బల్లలు. రోలరంటే లోపల ఆవిరి నింపుకుని తిరిగే పెద్ద ఇనప గొట్టం. తడి దుప్పటి ఇటువైపు అందిస్తే అటువైపు పొడిగా, చదునుగా వస్తుంది. అందించేదాన్ని నేను. ఆ దుప్పట్లోని తడి అంతా ఏమవుతుందని బయటివాళ్ళు అడగరు. అది ఆవిరై హాలులోనే తిరుగుతుంది, మేమే దాన్ని పీలుస్తాం.

వదిన మా అన్న భార్య. మడత బల్ల దగ్గర పని. హాలులో అందరికీ ఆమె పేచీ వదిన. మడత పేచీ అనే మాట ఈవిడను చూసే పుట్టి ఉంటుందని బాయిలర్లో బొగ్గు వేసే పెద్దాయన, బాయిలర్ మామ, ఎగతాళి చేసేవాడు. మేనేజరు రమ్మంటే ఎందుకు రావాలనేది, వద్దంటే ఎందుకు రాకూడదనేది. దుప్పటి మాత్రం అంచుకు అంచు కలిపి, గీత గీసినట్టు మడిచేది. నోరు పెద్దది, చెయ్యి శుభ్రం.

ఆమె పడిపోతే మేం ఏం చేశాం? మాకు తెలిసిన మందు నీళ్ళు. వేసవిలో గాలి పొడిగా ఉండే రోజుల్లో హాలు నేల తడుపుతాం, తలుపులకు తడి దుప్పట్లు కడతాం. కాస్త చల్లబడుతుంది. మా అమ్మల కాలం నుంచి ఇదే వాడుక. ఆ రోజు కూడా పొద్దున్నుంచీ అదే చేశాం. వదిన పడ్డాక నేల మళ్ళీ తడిపాం. ఆమె మీద తడి దుప్పటి కప్పాం. అందరం చుట్టూ మూగి "వదినా, వదినా" అన్నాం. ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

డాక్టరు మంచివాడే, తిట్టలేదు. "బయట గాలిలో పడుకోబెట్టి, నీళ్ళు చల్లి, విసరాల్సిందమ్మా. మూసిన గదిలో తడిగుడ్డ కప్పితే ఆ తడి ఆరేదెక్కడ?" అన్నాడు.

మేం తలలు ఊపాం. ఎవరికీ ఏడుపు రాలేదు. ఆమె కింద పరిచిన దుప్పటి మేం ఉతికిందే. అంచు మీద మా లాండ్రీ గుర్తు ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. లోపల ఏమీ కదల్లేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే తిమ్మిరెక్కి మనది కాదన్నట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది.

కార్యం అయిన మర్నాడే అన్న పనికి వచ్చేశాడు. ఉతుకు యంత్రంలో మూటలు వేస్తున్నాడు.

"ఎందుకొచ్చావురా?" అని బాయిలర్ మామ అడిగాడు.

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను మామా," అన్నాడు.

అంతకు మించి వాడు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. మీలో చదువుకునేవాళ్ళున్నారు, మాలాంటి పనివాళ్ళున్నారు. ఇద్దరూ వినండి. మా హాలు కప్పులో వెంటిలేటర్లున్నాయి. వాటిలో పెద్ద ఎగ్జాస్టు ఫ్యాన్లున్నాయి. ఆవిరిని బయటికి తోయడానికే పెట్టారు వాటిని. ఈ ఏడు మొదట్లో మేనేజరు వాటిని ఆపించి, వెంటిలేటర్లకు తలుపులు బిగించాడు. అడిగితే గేటు దగ్గర కొత్తగా కట్టిన బోర్డు చూపించాడు. 'భూమిని కాపాడే లాండ్రీ' అని ఉంది దాని మీద, పక్కనే ఆకు బొమ్మ.

"ఫ్యాన్లు ఆపితే కరెంటు మిగులుతుంది. వేడి బయటికి పోకపోతే బాయిలర్లో బొగ్గు మిగులుతుంది. పొగ తగ్గుతుంది. వాతావరణం పాడవుతోందని పేపర్లో చదవట్లేదా? సర్కారు కొత్త పద్ధతి పెట్టింది. తగ్గించినవాళ్ళకి పచ్చ పత్రం ఇస్తుంది. ఆ పత్రం ఉన్న లాండ్రీకే పెద్ద హోటళ్ళు గుడ్డలిస్తాయి. మీ అందరి తిండి కోసమేనమ్మా ఇది," అన్నాడు.

అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే. భూమికి దానం చేసింది కంపెనీ. పోయింది మా ఊపిరి.

వదిన పోయిన వారంలోనే వాతావరణ కేంద్రం వాళ్ళు రేడియోలో చెప్పారు, వచ్చే వారం ఇంతకంటే ఘోరంగా ఉంటుందని. గాలిలో తేమ పెరుగుతుందట, రాత్రిళ్ళు కూడా చల్లబడదట. అంటే ఆ వారం వచ్చేలోపల కప్పు తెరుచుకోకపోతే ఇంకొకరు పోతారు. ఎవరన్నదే తెలియదు. నేను కావచ్చు, నా పక్కన దిండు గలీబులు అందించే పిల్ల కావచ్చు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటూ పని చేశాం.

లేబర్ ఆఫీసరు విచారణకు వచ్చాడు. కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ హాలంతా తిరిగాడు. థర్మామీటరు చూశాడు.

"నియమం ప్రకారం నలభై దాటితే పని ఆపాలి. దాటలేదు. కంపెనీ తప్పు ఏముంది?" అన్నాడు.

"సార్, మీ చొక్కా చూసుకోండి," అన్నాను నేను. చొక్కా వంటికి అతుక్కుపోయి ఉంది. "అది వేడి కాదండీ, ఉక్క. ఉక్కకి మనిషి చచ్చిపోయింది."

"ఉక్క అనేది చట్టంలో మాట కాదమ్మా. చట్టంలో ఉష్ణోగ్రత అని ఉంది."

"అయితే ఉక్క అని రాయండి."

"నేను రాస్తే అయిపోతుందా? మీ యూనియనే కదా ఆ నియమం అడిగి తెచ్చుకుంది? మీరు అడిగిందే ఇచ్చారు."

బాయిలర్ మామ తల దించుకున్నాడు. ఎందుకో మాకందరికీ తెలుసు. ఆ నియమం కోసం పోరాడిన రోజుల్లో అన్ని ఫ్యాక్టరీలవాళ్ళం కలిసి కూర్చుని కోరికలు రాసుకున్నాం. ఇనుము కరిగించేవాళ్ళు, రొట్టెల బట్టీవాళ్ళు "వేడి" అన్నారు. పేచీ వదిన ఒక్కతే లేచి, "వేడి అంటే చాలదు, ఉక్క అని కూడా రాయండి. మా హాలు వేరు," అంది. అందరూ నవ్వారు. "మళ్ళీ మొదలెట్టిందమ్మా మడత పేచీ! వేడయినా ఉక్కయినా చచ్చేది మనమేగా, ఏదైతేనేం?" అన్నాడు మామ. మామ మాట కాబట్టి సభ చప్పట్లు కొట్టింది. వదిన మూతి ముడుచుకుని కూర్చుంది. అలా మా నోటితో మేమే ఆ మాట కొట్టేశాం. ఇప్పుడు ఆ సందులోంచే ఆఫీసరు దర్జాగా బయటికి నడిచి వెళ్ళిపోయాడు. రిపోర్టులో సహజ మరణం అని రాశాడు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక సైకిల్ స్టాండులో మీటింగు పెట్టాం. బాయిలర్ మామ తన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి బడిలో సైన్సు చెబుతుంది. మేం పంతులమ్మ అంటాం. మా చేతుల్లో పెరిగిన పిల్లే, అయినా పంతులమ్మే. రెండు థర్మామీటర్లు తెచ్చింది. ఒకదాని కొసకు తడిపిన గుడ్డ చుట్టింది.

"మనకి చెమట ఎందుకు పడుతుంది?" అని అడిగింది.

"కష్టపడితే పడుతుంది. నీకు తెలీదులే, కుర్చీలో కూర్చుని చెప్పేదానివి," అన్నాడు మూటలు మోసేవాడొకడు. నవ్వులు.

"సరే బాబాయ్, పడింది. పడితే చల్లబడతామా?"

"చల్లబడతాం."

"పడితే కాదు, ఆరితే చల్లబడతాం. చెమట ఆరేటప్పుడు వంట్లో వేడిని పట్టుకుని పోతుంది. గాలి అప్పటికే నీళ్ళతో నిండి ఉంటే ఆరదు. కారుతుందంతే. తడిగుడ్డ కట్టిన థర్మామీటరు చూడండి, ఇక్కడ బాగా దిగింది. గుడ్డ ఆరుతోంది కాబట్టి దిగింది. ఇప్పుడు హాల్లోకి పదండి."

హాలులోకి వెళ్ళాం. కాసేపటికి తడిగుడ్డది పైకి పాకి దాదాపు రెండోదాని పక్కకు వచ్చి నిలబడింది.

"ఇదీ ఉక్కంటే. ఈ తడిగుడ్డ థర్మామీటరు మన ఒంటి చర్మమంత వేడికి వచ్చిందంటే, నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా బతకడం కష్టం. పని చేసేవాళ్ళకి అంతకంటే చాలా ముందే ప్రమాదం. పక్కన మామూలు థర్మామీటరు ముప్పై ఏడే చూపించొచ్చు," అంది పంతులమ్మ.

నేల మీద మేం పొద్దున చల్లిన నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఆరలేదు. అందరి కళ్ళూ వాటి మీదే ఉన్నాయి. అన్న గోడకు ఆనుకుని నిలబడి బూటు కొసతో ఆ నీళ్ళను పక్కకు తోస్తున్నాడు.

మళ్ళీ స్టాండులోకి వచ్చాక బాయిలర్ మామ గొంతు సవరించుకున్నాడు. "ఒకటడుగుతా చెప్పమ్మా. ఇదివరకూ ఇంత ఉక్క లేదు. ఈ వాతావరణం మారిందంటున్నది నిజమా, మేనేజరు చెప్పే కథా?"

"నిజమే నాన్నా. బొగ్గూ పెట్రోలూ కాలిస్తే కంటికి కనపడని వాయువు ఒకటి పైకి పోయి పేరుకుంటుంది. ఎండని లోపలికి రానిస్తుంది, నేల నుంచి తిరిగి పోయే వేడిని ఆపుతుంది. భూమికి దుప్పటి మీద దుప్పటి కప్పుతున్నట్టు. వేడెక్కిన గాలి ఎక్కువ నీళ్ళు పట్టుకుంటుంది. అందుకే ఉక్క పెరిగింది."

"మన బాయిలర్ పొగ కూడా అందులోదేనా?"

"అందులోదే."

మామ చేతులు చూసుకున్నాడు. జీవితమంతా ఆ బాయిలర్లో బొగ్గు వేసిన చేతులు.

"అయితే మేనేజరు చేసింది రైటేనా? ఫ్యాన్లు ఆపడం రైటేనా?" అని మూటలవాడు లేచాడు. "ఈ గొడవంతా పెద్దోళ్ళ మాయ. మన ఫ్యాన్లు ఆపడానికి కల్పించిన కథ. వాతావరణం లేదు, గీతావరణం లేదు!"

"కూర్చో బాబాయ్," అంది పంతులమ్మ. "ఉక్క నిజమంటావు, అది వచ్చిన దారి అబద్ధమంటావా? పొగ తగ్గాలి. తప్పదు. ఎవరి దగ్గర తగ్గించాలన్నదే గొడవ."

అప్పుడు నాకు నోరు లేచింది. నేనెప్పుడూ మీటింగుల్లో మాట్లాడను, మా ఇంట్లో ఆ పని వదినది. "హోటలు దుప్పట్లు రోజూ నా చేతి మీదుగానే పోతాయి. సగానికి మరకుండదు, మడత కూడా నలగదు. ఒక్క రాత్రి ఒక్క మనిషి పడుకున్నదాన్ని ఉడకబెట్టి, పిండి, ఇస్త్రీ చేసి పంపుతున్నాం. కొన్నిటి మీద అసలెవరూ పడుకోలేదు. అక్కడ తగ్గించొచ్చు కదా బొగ్గు? మా గాల్లో ఎందుకు తగ్గిస్తారు?"

"ఉతుకు తగ్గితే మన పని తగ్గదూ?" అని గలీబుల పిల్ల భయంగా అంది.

దాని మీద పెద్ద రభస అయ్యింది. పని తగ్గితే గంటలు తగ్గించాలి, మనుషుల్ని కాదని కొందరు. చెప్పడానికి బాగానే ఉంటుంది, యజమాని ఒప్పుకుంటాడా అని కొందరు. ఆ ముడి ఆ రోజు విడలేదు. ఇవాళ్టికీ విడలేదు, మీతో అబద్ధం చెప్పను. కాని కప్పు తెరవాలన్న దాని మీద రెండో మాట రాలేదు. తడిగుడ్డ థర్మామీటరు గోడకు ఎక్కాలి, నియమంలో ఉక్క అన్న మాట ఎక్కాలి. అప్పటిదాకా సమ్మె అని ఎవరో అన్నారు.

"సమ్మె చేస్తే ఆసుపత్రి గుడ్డల గతేంటి?" అని అన్న అడిగాడు. వాడి గొంతు విని అందరం తిరిగి చూశాం. "దాన్ని పడుకోబెట్టిన మంచం మీద ఇప్పుడింకెవరో పడుకుని ఉంటారు. వాళ్ళకి దుప్పటి కావాలిగా."

అలా తేలింది. హోటలు గుడ్డ ముట్టం, ఆసుపత్రి గుడ్డ ఆపం. కప్పు మేమే తెరుస్తాం.

మర్నాడు మామూలుగానే లోపలికి వెళ్ళాం. నిచ్చెనలు వేసి వెంటిలేటర్ల బోల్టులు విప్పాం. మామ ఫ్యాన్ల స్విచ్చులు వేశాడు. చాలాకాలం తిరగని ఫ్యాన్లు, ముందు మూలిగాయి, తరువాత తిరిగాయి. తెల్లగా ఆవిరి పైకి పోవడం కళ్ళతో చూశాం. హోటలు మూటలన్నీ తీసి వరండాలో పేర్చాం. కొంతసేపు పని, కొంతసేపు బయట నీడ, వంతులు వేసుకుని ఆసుపత్రి గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి పంపాం. మేనేజరు అద్దాల గదిలోంచి చూస్తూ ఫోన్లు చేశాడు. నా రోలరు దగ్గర మొదటిసారి నా మెడ మీద చెమట ఆరింది. సంతోషించాలి. సంతోషం రాలేదు. ఇంత తేలికైన పనికి వదిన ఎందుకు పోయిందన్న ఒక్క ఆలోచనే మళ్ళీ మళ్ళీ వచ్చింది.

పోలీసులు వచ్చారు. పని ఆపినవాళ్ళను పట్టుకోవడం విన్నాం గాని, పని చేసినవాళ్ళను పట్టుకోవడం అప్పుడే చూశాం. యజమాని అనుమతి లేకుండా యంత్రాలు నడిపారట. బాయిలర్ మామను, మూటలవాణ్ణి, ఇంకొందరిని వ్యానెక్కించారు. "మాయ అన్నోడివి, నువ్వెందుకు పోతున్నావు బాబాయ్?" అని ఎవరో అంటే, "నిచ్చెన ఎక్కింది నేనేగా," అన్నాడు మూటలవాడు. మమ్మల్ని గేటు బయటికి తోశారు. సాయంత్రానికల్లా వెంటిలేటర్లకు వెల్డింగు పెట్టేశారు. నిప్పురవ్వలు గేటు దగ్గర్నుంచే కనిపించాయి.

రేడియో చెప్పిన వారం వచ్చింది. దానితోపాటే కాంట్రాక్టరు వేరే ఊరి నుంచి మనుషులను లారీలో తెచ్చాడు. మాలాంటివాళ్ళే, మాలాంటి చేతులే. మేం గేటు దగ్గర అడ్డం నిలబడ్డాం.

"లోపలికి పోకండి. కప్పు మూసేశారు. మనిషి చచ్చిపోయింది," అని అరిచాను.

"మా ఊళ్ళో పనుంటే మీ ఊరు ఎందుకొస్తాం తల్లీ?" అంది వాళ్ళలో పెద్దావిడ. పోలీసుల మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయారు.

మావాళ్ళు కొందరు బూతులు లంకించుకున్నారు. అన్న వారించాడు. "తిట్టకండి. ఆకలి రుచెరగదు. సమ్మె మాత్రం ఎరుగుతుందా?"

మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. నీడలో నిలబడ్డ మాకే ఊపిరి ఆడడం లేదు. లోపల రోలరు చప్పుడు వినిపిస్తోంది. ఒకటే ఎదురుచూస్తున్నాం, అది జరగకూడదని కోరుకుంటూనే ఎదురుచూస్తున్నాం.

జరిగింది. లోపల కేకలు వినిపించాయి. ఆ తరువాత నీళ్ళ చప్పుడు. వాళ్ళూ మాలాగే నేల తడుపుతున్నారు. అన్న పరిగెత్తాడు. కానిస్టేబులు లాఠీ అడ్డం పెడితే దాన్ని చేత్తో పక్కకు తోశాడు. వెనకాల మేమందరం పరిగెత్తాం. మడత బల్ల దగ్గర చిన్న వయసామె పడి ఉంది. వాళ్ళు ఆమె మీద తడి దుప్పటి కప్పి చుట్టూ మూగారు.

"తియ్యండి!" అని అన్న అరిచాడు. "బయటికి! గాల్లోకి తియ్యండి!"

నలుగురం ఎత్తి వరండా దాటించి, గోడ నీడలో పడుకోబెట్టాం. నీళ్ళు చల్లాం. హోటలు మూటలు విప్పి, గలీబులూ దుప్పట్లూ పట్టుకుని రెండు వైపులా నిలబడి విసిరాం. మా వాళ్ళూ, వాళ్ళ వాళ్ళూ. చేతులు పడిపోతుంటే పక్కవాళ్ళు అందుకున్నారు. చాలాసేపటికి ఆమె కనురెప్పలు కదిలాయి. తరువాత గట్టిగా దగ్గింది. ఆంబులెన్సు వచ్చేసరికి నీళ్ళు అడుగుతోంది.

అప్పుడు మా అన్న ఏడ్చాడు. నేల మీద చతికిలబడి, చేతిలో గలీబుతో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాణ్ణి చూసి నాకూ వచ్చింది. అన్ని రోజులూ రానిది ఒక్కసారిగా వచ్చింది. ఇంతే కదా చెయ్యాల్సింది, వదినకు ఇంతే కదా చెయ్యాల్సింది అని పైకే అన్నాను.

మేనేజరు వచ్చాడు. "ఎవరు మిమ్మల్ని లోపలికి రానిచ్చింది? పదండి, రోలరు ఖాళీగా తిరుగుతోంది. థర్మామీటరు ముప్పై ఎనిమిదేగా!" అన్నాడు కొత్తవాళ్ళతో.

ఒక్కరూ కదల్లేదు. వాళ్ళ పెద్దావిడ మేనేజరును చూసింది, కప్పును చూసింది, అన్నను చూసింది.

"అన్నం పెట్టే పనే అనుకున్నాం," అంది. తరువాత నా వైపు తిరిగింది. "పొద్దున నువ్వరిచింది దీని గురించేనా?"

"దీని గురించే."

"ఆ తలుపులు ఊడదీస్తే సరిపోతుందా?"

"ఇవాళ్టికి ఊపిరి ఆడుతుంది. మిగతాదానికి చాలా పని ఉంది పిన్నీ. కూర్చుని మాట్లాడుకోవాలి. జైల్లో మావాళ్ళున్నారు, వాళ్ళను తెచ్చుకోవాలి."

"మాట్లాడుకుందాం," అంది. "ముందు మీ ఊళ్ళో పలుగులు ఎక్కడ దొరుకుతాయో చెప్పు. మావాళ్ళకి వెల్డింగు ఊడగొట్టడం వచ్చు."

కానిస్టేబుళ్ళు లాఠీలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళ చొక్కాలు కూడా తడిసి ఉన్నాయి. అన్న కళ్ళు తుడుచుకుని లేచి నిచ్చెన తేవడానికి వెళ్ళాడు. వాడి వెనకాల కొత్తవాళ్ళు కొందరు వెళ్ళారు, నిచ్చెన బరువు కదా.